ముందు పడుగు, ఆ తర్వాతే పేక

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. మూడు తరాలుగా మాది మగ్గం పని. ఇప్పుడు ఇంట్లో రెండు మగ్గాలు ఉన్నాయి. నాన్న, బాబాయి పట్టు చీరలు, జోడాలు (మగవాళ్ళు కట్టుకునే పట్టు పంచె, కండువా జతలు) నేస్తారు. ఇన్నాళ్ళూ షాపులవాళ్ళకే ఇచ్చేవాళ్ళం. రెండేళ్ళుగా నేను వాట్సాప్‌లో ఫోటోలు పెడుతుంటే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచీ, సూరత్‌లో పనిచేసే మన గంజాం వాళ్ళ నుంచీ నేరుగా ఆర్డర్లు వస్తున్నాయి. వెబ్‌సైట్ పెడదామని తమ్ముడు ఒక టెంప్లేట్ కొన్నాడు. దాని మెనూలో 11 ఉన్నాయి: హోమ్, అబౌట్, అవర్ విజన్, అవర్ మిషన్, ప్రొడక్ట్స్, సర్వీసెస్, గ్యాలరీ, టీమ్, బ్లాగ్, టెస్టిమోనియల్స్, కాంటాక్ట్. వీటిలో ఏం రాయాలో తెలియక నెల రోజులుగా కూర్చున్నాం. అసలు ఎన్ని పేజీలు ఉండాలి? ఏది ముందు, ఏది వెనక? పైగా తెలుగులో పెట్టాలా, ఒడియాలోనా, ఇంగ్లిష్‌లోనా అని ఇంట్లో రోజూ గొడవే. నన్ను నువ్వు అనే పిలవండి. (ఒక చెల్లి, బరంపురం)

సమాధానం:

చెల్లీ, 'అవర్ విజన్' పేజీలో ఏం రాయాలా అని నెల రోజులు కూర్చున్నారంటే నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఏమీ రాయక్కర్లేదు, ఆ పేజీ తీసేయండి. 'అవర్ మిషన్' కూడా దాంతోపాటే. ఇన్నేళ్ళలో మీ నాన్నగారిని ఎవరైనా "మీ విజన్ ఏంటండీ?" అని అడిగారా? ధర ఎంత, అంచు ఎంత వెడల్పు, పెళ్ళి లోపు అందుతుందా అని అడిగి ఉంటారు.

తమ్ముణ్ణి మాత్రం తిట్టకండి. టెంప్లేట్ కొనడం తప్పేమీ కాదు, కాకపోతే తొందరపడ్డాడు. అది ఎవరో ఎక్కడో ఒక కంపెనీని మనసులో పెట్టుకుని కట్టిన ఇల్లు. టీమ్‌కి ఒక గది, సర్వీసెస్‌కి ఒక గది వేసి పెట్టారు. మీకున్నవి రెండు మగ్గాలూ నలుగురు మనుషులూ. ఆ గదులన్నీ నింపాలని చూశారు కాబట్టే నెల గడిచిపోయింది.

మీ నాన్నగారు నిలువు పోగుల పడుగు సిద్ధం కాకుండా అడ్డపోగుల పేక కొట్టడం మొదలుపెడతారా? చీర వెడల్పు ఎంత, అంచుకి ఎన్ని పోగులు, ఏ రంగు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ పడుగు దగ్గరే తేలిపోవాలి. మగ్గం మీద కూర్చున్నాక వెడల్పు మారుద్దామంటే కుదరదు. సైట్‌కీ అంతే. ఏ పేజీలు ఉండాలి, ఏది దేని కిందికి రావాలి, ఒక్కో పేజీలో ఏది ముందు కనపడాలి అన్నది పడుగు. ఫోటోలు, రాతలు, రంగులు పేక. మీరు పడుగు వేయకుండానే పేక పట్టుకుని కూర్చున్నారు.

కాబట్టి ఇవాళ ల్యాప్‌టాప్ మూసేయండి. ఇంట్లో పాత పెళ్ళి కార్డులు ఉంటాయి కదా, వాటి వెనక తెల్లగా ఉంటుంది. అరచేతిలో పట్టేంత చీటీలుగా కత్తిరించండి. నీ వాట్సాప్ తెరిచి, గత మూడు నెలల్లో కొనేవాళ్ళు అడిగిన ప్రతి ప్రశ్ననూ ఒక్కో చీటీ మీద రాయి. వాళ్ళ మాటల్లోనే రాయి, నీ భాషలోకి దిద్దకు. "వదినా, ఇది అసలు పట్టేనా?" "సూరత్‌కి పంపితే ఎన్నాళ్ళు?" "ఫోటోలో ఉన్న రంగే వస్తుందా?" "రవికె ముక్క ఉందా?" "నాన్నకి జోడా ఒక్కటే కావాలి, ఇస్తారా?" "ముందే డబ్బు కట్టాలా?" "స్టేషన్ నుంచి మీ ఇంటికి ఆటో ఎంత తీసుకుంటాడు?" ఇలా ఒక 60, 70 చీటీలు వస్తాయి. ఒకే ప్రశ్న ఇరవైసార్లు వస్తే ఇరవై చీటీలూ రాయి. బద్ధకించకు. ఏ ప్రశ్న బరువు ఎంతో ఆ లెక్కే చెబుతుంది.

తర్వాత వాటిని మంచం మీద పరిచి అమ్మను పిలువు. సర్దాల్సింది నువ్వూ కాదు, తమ్ముడూ కాదు. మీరిద్దరూ ఆ 11 పేర్ల మెనూ చూసేశారు, మీ కళ్ళు చెడిపోయాయి. అమ్మను "ఒకేలా ఉన్నవి ఒక కుప్ప వెయ్యమ్మా" అని అడిగి ఊరుకో. ప్రతి కుప్పకీ ఆవిడ ఏ పేరు పెడుతుందో అది రాసుకో. వెబ్ పని చేసేవాళ్ళు దీన్ని కార్డ్ సార్టింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ పని పేకముక్కలు సర్దినంత తేలిక. చూశావా, మళ్ళీ పేక దగ్గరికే వచ్చాం.

అమ్మే ఎందుకంటావేమో. కొన్నేళ్ళ కిందట అప్పడాలు, ఊరగాయలు చేసే ఒక ఇంటికి సైట్ చేశాను. యజమాని సరుకంతా 'యంత్రం మీద చేసినవి', 'చేత్తో చేసినవి' అని రెండుగా విడగొట్టి ఇచ్చాడు. ఆయనకి అదే ముఖ్యం మరి, యంత్రం అప్పు చేసి కొన్నాడు. వాళ్ళావిడ వంటింట్లోంచి వచ్చి 'వేయించుకునేవి', 'అన్నంలో కలుపుకునేవి' అని సర్దింది. కొనేవాడు ఆకలితో వస్తాడు, యంత్రంతో వాడికేం పని? ఆవిడ సర్దినట్టే పెట్టాం.

ఇక మీ చీటీలు. చూడకుండానే ఒక ఊహ చెబుతాను, తప్పయితే అమ్మ మాటే నిలుస్తుంది. చీరలు ఒక కుప్ప. జోడాలు ఒక కుప్ప. ఆర్డర్, డబ్బు, పార్సిల్, వాపసు కలిపి ఒక కుప్ప. మీరెవరు, ఎక్కడుంటారు, ఎలా నేస్తారు అన్నవి ఒక కుప్ప. వీటన్నిటికీ గుమ్మంలాంటి మొదటి పేజీ ఒకటి. మొత్తం 5. మిగిలిన గదులకి తాళం వేసేయండి. బ్లాగ్ రాసే తీరిక మీకు లేదు. ఒక్క రాతతో ఆగిపోయి రెండేళ్ళ కిందటి తేదీ చూపించే బ్లాగ్ ఉంటే దుకాణం మూసేశారేమో అనుకుంటారు. కొన్నవాళ్ళు చెప్పిన మంచి మాటలకి వేరే పేజీ అక్కర్లేదు, ఏ చీర గురించి అన్నారో ఆ చీర కింద పెట్టు. గ్యాలరీ కూడా వద్దు. ఫోటోలు ఒక చోట, ధరలు ఇంకో చోట ఉంటే ఎవరు వెతుక్కుంటారు?

చీరలూ జోడాలూ వేరుగా ఎందుకంటే, కొనేవాళ్ళు వేరు, అడిగేవీ వేరు. జోడా కొనేవాడు రవికె ముక్క గురించి అడగడు. కానీ చీరల్లో మళ్ళీ 'ఎరుపు చీరలు', 'పచ్చ చీరలు' అని పేజీలు విడగొట్టొద్దు. ఎరుపు ఒంటికి ఆకుపచ్చ అంచున్న చీర వస్తే ఎక్కడ పెడతావు? ధరను బట్టి విడగొడితే ఇంకో చిక్కు: పట్టు ధర పెరిగినప్పుడల్లా చీరలు గదులు మారాలి. మీ దగ్గర ఒక్కసారికి ఉండేవి 30, 40 చీరలు అనుకుంటాను. అన్నిటికీ ఒకే పేజీ, కొత్తవి పైన, పాతవి కింద. వేలు జార్చుకుంటూ చూసేస్తారు. రేపు 200 అయినప్పుడు విడగొట్టడం గురించి ఆలోచిద్దాం.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగుతాను, చేనేత వాళ్ళందరూ ఇక్కడే పొరపాటు పడతారు కాబట్టి. చీరల పేజీలో కనపడే ప్రతి చీరకీ మళ్ళీ దానికంటూ సొంత పేజీ, సొంత నంబరు ఉండాలి, ఇవి ఆ 5 లెక్కలోకి రావు. మొదటి పేజీ, అక్కణ్ణుంచి చీరల పేజీ, అక్కణ్ణుంచి ఆ చీర. రెండు నొక్కులు, అంతకన్నా లోతు వద్దు. నువ్వు వాట్సాప్‌లో పంపేది, వాళ్ళు వాళ్ళ అక్కకి, ఆడపడుచుకి పంపుకునేది ఆ చీర పేజీ లింకే. మరి చీర అమ్ముడైపోతే? అందరూ ఆ పేజీ తీసేస్తారు. నెల తర్వాత ఆ ఆడపడుచు తీరిక చూసుకుని లింక్ నొక్కితే 'పేజీ దొరకలేదు' అని వస్తుంది. తీయకు. "ఇది అమ్ముడైంది. ఇలాంటిది నేయించి ఇవ్వగలం, ఇన్ని రోజులు పడుతుంది" అని రాసి, కింద ఇప్పుడున్న చీరలు మూడు చూపించు. షాపులో అమ్ముడైన చీర మళ్ళీ దొరకదు, మగ్గం ఉన్న ఇంట్లో మళ్ళీ పుడుతుంది. మీకున్న బలం అదే, దాన్ని చెరిపేసుకుంటారా?

పడుగుతో పోల్చాను గానీ, సైట్‌లో పేజీలు తర్వాత కూడా కలపొచ్చు, విడగొట్టొచ్చు. మార్చకూడనిది పేజీ చిరునామా. ఒకసారి జనం ఫోన్లలోకి వెళ్ళిన లింక్ మళ్ళీ నీ చేతిలో ఉండదు. అందుకని చిరునామాలు పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టు. ఇంత తెలుగు అభిమానం ఉండి నేనిలా చెబుతున్నానంటే కారణం ఉంది. చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే, దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు చాలాసార్లు ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి 9 గుర్తులుగా విడిపోతుంది. 'పట్టు' అన్న మాటలో కంప్యూటర్ లెక్కన 5 గుర్తులు ఉంటాయి: ప, ట, పొల్లు, మళ్ళీ ట, కొమ్ము. అంటే 45 గుర్తుల తోక. అది చూసి మా పిన్ని "ఇదేదో వైరస్" అని డిలీట్ చేసింది.

పేజీ లోపల మాత్రం పేర్లు మన మాటల్లోనే ఉండాలి. 'ప్రొడక్ట్స్' కాదు, 'చీరలు'. 'సర్వీసెస్' కాదు, 'ఆర్డర్ ఎలా ఇవ్వాలి'. మళ్ళీ అతి తెలుగూ వద్దు. 'సంప్రదింపులు' కన్నా 'ఫోన్, చిరునామా' నయం. 'ఉత్పత్తులు' అని పెడితే సిమెంటు అమ్ముతున్నట్టు ఉంటుంది. మీకు దగ్గర్లోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే భాషలోనే రాయండి, చదువు చెప్పండి అని పండితులతో ఆయన ఎంత పోరాడారో తెలుసు కదా. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. మెనూలో ఒక మాట పెట్టేముందు మీ నాన్నగారు ఫోన్‌లో ఆ మాట అంటారా అని చూసుకో, చాలు.

ఇప్పుడు పేజీ లోపలి అమరిక. మళ్ళీ కాగితమే. ఒక తెల్ల కాగితం మీద నీ ఫోన్ బోర్లా పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయి. అలాంటివి నాలుగైదు గీయి. ఇదే మీ సైట్. నీ దగ్గర కొనేవాళ్ళు వాట్సాప్‌లోంచి వస్తున్నారంటే అందరూ ఫోన్‌లోనే చూస్తున్నారని అర్థం. వెబ్ పేజీ లెక్కన చాలా ఫోన్ల తెర వెడల్పు 360 పిక్సెళ్ళ (తెరను కొలిచే చుక్కల) దగ్గర ఉంటుంది. అందులో పక్కపక్కన మూడు నిలువు వరసలు పెడితే ఏదీ చదవలేరు. ఒకటే వరస, పైనుంచి కిందికి. టెంప్లేట్‌ని తమ్ముడు పెద్ద తెర మీద చూసి ముచ్చటపడి ఉంటాడు. ఫోన్‌లో తెరిచి చూడమను.

మొదటి పేజీలో, వేలు కదపకుండానే కనపడాల్సినవి ఇవి: మీ పేరు. "బరంపురం పట్టు చీరలు, జోడాలు. మా మగ్గం మీద నేసినవి, నేరుగా మీకు" అన్నట్టు ఒక్క వాక్యం. ఒక మంచి ఫోటో. దాని కింద రెండు పెద్ద బొత్తాలు, 'చీరలు', 'జోడాలు'. వేలితో నొక్కేది ఏదైనా 48 పిక్సెళ్ళకి తగ్గకుండా ఉంటే పక్కది పొరపాటున నొక్కుకోదు. కింద ఎప్పుడూ కదలకుండా ఫోన్, వాట్సాప్ గుర్తులు. జారిపోయే బొమ్మల స్లైడర్ ఉందా టెంప్లేట్‌లో? ఉంటుంది, ప్రతి దాంట్లో ఉంటుంది. తీసేయ్. మొదటి బొమ్మ చూసేలోపు రెండోది వచ్చేస్తుంది, మూడోది ఎవరూ చూడరు. మీ ఊరి ఠాకురాణీ యాత్ర ముందు ఏదైనా చెప్పాలంటే పైన ఒక్క వరస రాత పెట్టి, యాత్ర అయ్యాక తీసేయ్. రెండేళ్ళకోసారి వచ్చే పండగకి మెనూలో ఏడాది పొడవునా చోటు ఇవ్వకూడదు.

చీర పేజీ మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టు, అమ్మకం అక్కడే జరుగుతుంది. పైన చీర పూర్తి ఫోటో. తర్వాత అంచు దగ్గర నుంచి తీసినది, మీ అంచుల్లో నేసే ఆ ఫోడా కుంభ గోపురాల వరస లెక్కపెట్టేంత దగ్గరగా. తర్వాత కొంగు. తర్వాత అమ్మో నువ్వో కట్టుకున్నది ఒకటి, పొడుగు అర్థం కావడానికి. ఉదయం వరండా వెలుతురులో తీయి, ట్యూబ్‌లైట్ కింద వద్దు. 'ఫోటోలో ఉన్న రంగే వస్తుందా' అన్న చీటీలు సగం అక్కడే తగ్గుతాయి. ఫోటోల కింద వెంటనే ధర. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్నది నాకు నచ్చదు. మొహం చూసి ధర చెబుతారేమో అన్న అనుమానం పుట్టి చాలామంది వెళ్ళిపోతారు. తర్వాత ఎన్ని మీటర్లు, రవికె ముక్క ఉందా, జరీ ఏ రకం, ఎలా ఉతకాలి. తర్వాత ఎన్ని రోజుల్లో అందుతుంది. ఆ కిందే బొత్తాం. అది నొక్కగానే వాట్సాప్ తెరుచుకుని 'మీ 27వ నంబరు చీర కావాలి' అని ముందే రాసి ఉండేలా లింక్ తయారు చేయవచ్చు, తమ్ముడికి పది నిమిషాల పని. 'ఇది అసలు పట్టేనా' అన్న చీటీకి జవాబు కూడా ఇక్కడే ఉండాలి, వేరే పేజీలో కాదు. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ముద్ర ఉంటే దాని ఫోటో పెట్టు. బరంపురం పట్టుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు ఉంది గానీ, ఆ ముద్ర వాడుకునే హక్కు అధీకృత వినియోగదారుగా రిజిస్టర్ అయినవాళ్ళకే ఉంటుంది. మీ ఇల్లు గానీ మీ సంఘం గానీ నమోదై ఉందో లేదో నాన్నగారిని అడిగి అప్పుడు పెట్టు.

ఫోటోల బరువు మర్చిపోకు. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కొక్కటి 3, 4 ఎంబీ ఉంటుంది. 40 చీరల పేజీలో అలాగే పెడితే 100 ఎంబీ దాటుతుంది. పల్లెలో సిగ్నల్ ఒక గీత ఉన్నవాళ్ళు తెరిచేసరికి పెళ్ళి అయిపోతుంది. వరసలో కనపడే చిన్న బొమ్మలు 40 కేబీ చొప్పున చేసుకో, అన్నీ కలిపి 2 ఎంబీ లోపే. పెద్దది చీర పేజీలో మాత్రమే.

నా తప్పు ఒకటి చెబుతాను. రాయగడలో డీటీపీ సెంటర్ నడుపుతూ కొత్తగా వెబ్ పని నేర్చుకున్న రోజుల్లో, ఒక లాడ్జికి సైట్ చేశాను. వాళ్ళ విజిటింగ్ కార్డు అందంగా ఉందని స్కాన్ చేసి ఆ బొమ్మనే పేజీ అడుగున పెట్టేశాను. ఫోన్ నంబరు, చిరునామా అన్నీ ఆ బొమ్మలోనే. నొక్కితే కాల్ వెళ్ళదు, కాపీ అవదు, వెతికితే గూగుల్‌కి దొరకదు. ఏడాదికి వాళ్ళ నంబరు మారింది. ఆ బొమ్మ నాలుగు పేజీల్లో ఉంటే నేను మూడింట్లోనే మార్చాను. నాలుగో పేజీ చూసి ఫోన్ చేసినవాళ్ళందరూ ఎవరో తెలియని మనిషిని అర్ధరాత్రి లేపారట. అప్పటి నుంచీ నా నియమం ఒకటే: పేరు, నంబరు, చిరునామా రాతలోనే ఉండాలి, అదీ ఒక్కచోట రాస్తే అన్ని పేజీల అడుగునా అదే కనపడేలా ఉండాలి. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో పై భాగానికి హెడర్, మెనూకి నావ్, అసలు సంగతికి మెయిన్, అడుగుకి ఫుటర్ అని వేర్వేరు ట్యాగులు ఉన్నవి ఇందుకే. హెడర్, ఫుటర్ అన్ని పేజీలకీ ఒకటే. మెయిన్ మాత్రమే మారుతుంది. పేజీకి ఒక్కటే పెద్ద శీర్షిక. కళ్ళు కనపడనివాళ్ళకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఈ ట్యాగుల్ని పట్టుకునే నడుస్తుంది.

చిరునామాలో ఊరి పేరు దగ్గర జాగ్రత్త. మనం బరంపురం అంటాం, రైల్వే స్టేషన్ మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, ఇంగ్లిష్‌లో ఇంకోలా రాస్తారు. పైగా పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బహరంపూర్ ఉంది. ఫుటర్‌లో గంజాం జిల్లా, ఒడిశా అని, పిన్‌కోడ్‌తో సహా రాయి. ఊరి పేరు రెండు రకాలుగానూ ఒకసారి రాస్తే వెతికేవాళ్ళకి దొరుకుతారు.

ఇక మీ ఇంటి గొడవ. ఏ భాష? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాత బడి భాష మారింది. ఇవాళ మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా చదివే పిల్లలు ఎంతమంది లేరు? నీ కొనేవాళ్ళలోనూ అంతే. కాబట్టి ఎవరు ఏ భాష మాట్లాడతారని కాదు, ఏ భాషలో మెసేజ్ రాస్తారో చూడు. చీటీలు రాసేటప్పుడు మూలన తె, ఒ, ఇం అని గుర్తు పెట్టుకో. ఏది ఎక్కువైతే దాంతో మొదలుపెట్టు, రెండోది తర్వాత కలుపు. మూడూ ఒకేసారి మొదలుపెడితే మూడూ సగంలో ఆగుతాయి. ఎక్కువమంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతుంటే దాన్ని తెలుగు కిందే లెక్కవేయి, వాళ్ళు తెలుగు చదవగలరో లేదో ఇద్దరిని అడుగు.

రెండు భాషలు పెట్టినప్పుడు ఒకే పేజీలో పైన తెలుగు, కింద ఒడియా పెట్టొద్దు. ఏ భాష పేజీ ఆ భాషదే. చిరునామాలోనే తెలుగుకి ఒక విభాగం, ఒడియాకి ఒక విభాగం. పేజీ భాష ఏదో కోడ్‌లో చెప్పాలి: తెలుగుకి 'టీఈ', ఒడియాకి 'ఓఆర్'. చాలామంది ఒడియాకి 'ఓడీ' అని ఊహించి రాస్తారు, అది తప్పు. భాష మార్చే బొత్తాం మీద ఆ భాష పేరు ఆ లిపిలోనే ఉండాలి, జెండా బొమ్మలు వద్దు. తెలుగుకి ఏ జెండా పెడతావు? 27వ చీర చూస్తూ ఒడియా నొక్కితే ఒడియాలో 27వ చీరే రావాలి, మొదటి పేజీకి విసిరేయకూడదు. ఈ ఒక్క పొరపాటు పెద్ద పెద్ద సైట్లలో కూడా చూస్తుంటాను, ఒళ్ళు మండుతుంది.

తెలుగు అక్షరం గురించి కూడా ఒక మాట, టెంప్లేట్లు ఇంగ్లిష్ కొలతలతో కుట్టిన చొక్కాలు కాబట్టి. మన అక్షరాలకి పైన గుడి, కింద వత్తు. వరసల మధ్య దూరం అక్షరం సైజుకి 1.7 రెట్లు పెట్టకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఒకసారి మెనూ పట్టీ ఎత్తు చాలక 'వస్త్రాలు' అన్న మాటలో వత్తులు కోసుకుపోయి 'వసాలు' అని కనపడింది, వారం దాకా ఎవరూ చూసుకోలేదు. అక్షరం సైజు 17, 18 పిక్సెళ్ళు ఉండనీ. ఫాంట్‌కి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ బాగుంటాయి. గిడుగు పేరుతో కూడా ఒక ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, శీర్షికలకి పెట్టుకుని ఆయన రుణం తీర్చుకోవచ్చు. ఇంకొకటి: మీ పాత పాంప్లెట్ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేసి ఉంటారు. అందులోంచి కాపీ చేసి సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ రాత కాదు. ఆ నాలుగు పేరాలూ ఫోన్ కీబోర్డులో మళ్ళీ టైపు చేయడమే సుఖం.

ఇదంతా కాగితం మీద అయ్యాక, కోడ్ జోలికి వెళ్ళకముందు ఒక పరీక్ష పెట్టు. మీరు గీసిన ఫోన్ బొమ్మల మీద బొత్తాలూ రాతలూ పెన్సిల్‌తో వేసి, పక్కింటి అత్తయ్య చేతికి మొదటి కాగితం ఇవ్వు. "అత్తయ్యా, మావయ్యకి జోడా కొనాలనుకోండి, ఎక్కడ నొక్కుతారు?" అని అడుగు. ఆవిడ వేలు పెట్టిన చోటుని బట్టి తర్వాతి కాగితం అందించు. నువ్వు నోరు మెదపకూడదు, తమ్ముడు అసలు గదిలోనే ఉండకూడదు. ఆవిడ వేలు గాల్లో ఆగిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టుకో. ముగ్గురితో ఇలా చేస్తే ఎక్కడ తిరగరాయాలో తెలిసిపోతుంది. కాగితం మీద రబ్బరుతో చెరిపితే పోతుంది, సైట్ కట్టాక మార్చాలంటే తమ్ముడు రెండు రోజులు అలుగుతాడు.

టెంప్లేట్‌కి పెట్టిన డబ్బు పోయిందని బాధపడొద్దు. ఆ 11 గదుల్లో 5 ఉంచుకుని గోడలు జరుపుకోవచ్చు, రంగులూ ఫాంట్లూ మార్చుకోవచ్చు. అమ్మ సర్దిన చీటీల కుప్పలు ఫోటో తీసి నాకు పంపు. 'పార్సిల్' చీటీలు 'చీరలు' కుప్పలోకి వెళ్ళాయో, విడిగా పడ్డాయో చూడాలని ఉంది. విడిగా పడితే నేను చెప్పిన 5 పేజీలే. కలిసిపోతే ఆ వివరాలన్నీ ప్రతి చీర పేజీలోకే వెళ్ళిపోతాయి, అప్పుడు నీకు 4 పేజీలు చాలు.